చేయకుండా చేసిన ప్రయోగాలు

ఈ సంచికకు ఒక వ్యాసం వ్రాయమని అడిగినప్పుడు నేను మళ్ళీ గిర్మిట్ కాలం గురించే వ్రాస్తానని సంపాదకులు అనుకొని ఉంటారు. మా తాత 1908లో విశాఖపట్టణం జిల్లా నుండి మద్రాసు రేవుకు నడిచి, అక్కడ ఓడ ఎక్కి, ఫిజీ దీవులకు చెరకు కూలీగా వెళ్ళినవాడు. నేను మూడవ తరం. 1987లో ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని పడద్రోసిన తరువాత వేలాది భారతీయ కుటుంబాలు ఆ దీవులను విడిచిపెట్టాయి. మా కుటుంబం కాలిఫోర్నియా చేరింది. ఇక్కడ ముప్పై ఏళ్ళు బడిలో సైన్సు పాఠాలు చెప్పాను. తెలుగు చదవడం, వ్రాయడం మాత్రం యాభై దాటిన తరువాత సాయంత్రపు తరగతిలో, నా మనుమడి ఈడు పిల్లల ప్రక్కన చిన్న బల్లమీద కూర్చుని నేర్చుకున్నాను. మోకాళ్ళు పట్టేవి కావు. కనుక ఈ వ్యాసంలో తప్పులు దొర్లితే మన్నించండి. ఒత్తులు నాకు ఇప్పటికీ సరిగా లొంగలేదు.

గత సంవత్సరం ఆ తరగతిలోనే ఒక సంగతి జరిగింది. పంతులమ్మగారు ‘అయితే’, ‘ఉంటే’, ‘లేకపోతే’ అన్న మాటలతో వాక్యాలు చెప్పమన్నారు. పిల్లలు ‘వాన వస్తే గొడుగు తెస్తాను’ వంటివి చెబుతున్నారు. నా మనుమడు, పదకొండేళ్ళవాడు, లేచి నిలబడి, ‘మా ఆజా వాళ్ళ తాత ఓడ ఎక్కకపోతే నేను ఎక్కడ ఉండేవాణ్ణి?’ అన్నాడు. ఆజా అంటే తాత. ఫిజీ హిందీ మాట అది, మా ఇళ్ళలో ఇంకా పోలేదు. పంతులమ్మగారు వాక్యంలో తప్పు లేదని మెచ్చుకున్నారు. కారులో ఇంటికి వస్తూ వాడు నన్ను అడిగాడు: ‘ఆజా, నువ్వు బడిలో చెప్పేవాడివే, ఊహా ప్రయోగం అని, ఇది అదేనా?’ కాదు అని నోటిదాకా వచ్చింది. ఎందుకు కాదు అంటే మాత్రం వెంటనే చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠమే అది. ఆ జవాబు వెతుక్కుంటూ వెళ్ళిన దారి ఈ వ్యాసం.

మన వంటి కుటుంబాలలో ఈ ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఫిజీ వారికైనా, మారిషస్ వారికైనా, నేటాలు, మలయా, బర్మా వెళ్ళినవారి సంతతికైనా. పెళ్ళిళ్ళలో భోజనాలయ్యాక ఎవరో ఒకరు మొదలుపెడతారు, ‘మనవాళ్ళు ఊళ్ళోనే ఉండిపోయి ఉంటే...’ అని. కొందరు నిట్టూరుస్తారు, కొందరు నవ్వుతారు. అది ఊహే. కాని ప్రతి ఊహా ప్రయోగం కాదు.

ప్రయోగం అనదగ్గ ఊహ ఎలా ఉంటుందో చూపడానికి నేను తరగతిలో ఎప్పుడూ గెలీలియోతోనే మొదలుపెట్టేవాణ్ణి. 1638లో హాలండులోని లైడెన్ పట్టణంలో ఆయన పుస్తకం ఒకటి అచ్చయింది. అప్పటికి ఆయన ఇటలీలో చర్చివారి ఆజ్ఞ వలన ఇంటినిర్బంధంలో ఉన్నాడు. ముగ్గురు మనుషులు మాట్లాడుకున్నట్టుగా వ్రాసిన పుస్తకం అది. బరువైన వస్తువు త్వరగా పడుతుందనీ, తేలికది నెమ్మదిగా పడుతుందనీ అరిస్టాటిల్ కాలం నుండి పండితులు చెబుతూ వచ్చారు. ముగ్గురిలో ఒకడు అంటాడు: సరే, అలాగే అనుకుందాం. పెద్దరాయి వేగం ఎనిమిది, చిన్నరాయి వేగం నాలుగు. ఇప్పుడు రెండింటినీ కలిపి కట్టు. ఏమవుతుంది? చిన్నరాయి నెమ్మదిది గనుక పెద్దదాన్ని వెనక్కి లాగుతుంది. అంటే కట్ట వేగం ఎనిమిదికి తక్కువ. కాని రెండూ కలిస్తే పెద్దరాయి కంటే బరువు ఎక్కువ. అంటే కట్ట వేగం ఎనిమిదికి ఎక్కువ. ఒకే మాట నుండి రెండు జవాబులు వచ్చాయి, ఒకదానికొకటి పొసగనివి. కనుక మొదటి మాటలోనే తప్పు ఉంది.

నేను ఆ రోజున ఒక కొబ్బరికాయ, ఒక నిమ్మకాయ, కొంచెం నులకతాడు తీసుకువెళ్ళేవాణ్ణి. బల్ల ఎక్కి, రెండింటినీ కట్టి, చెయ్యి పైకెత్తి నిలబడేవాణ్ణి. పిల్లలు ‘వదలండి, వదలండి’ అని అరిచేవారు. గంట మోగేదాకా వదిలేవాణ్ణి కాదు. వదలకుండానే అరిస్టాటిల్ ఓడిపోయాడని వాళ్ళకు వాళ్ళే తేల్చుకోవాలి. కొందరు పిల్లలకు నామీద కోపం వచ్చేది. ఒక పిల్ల మాత్రం ఒకసారి, ‘మాష్టారూ, తాడు బరువు ఎటు లెక్క?’ అని అడిగింది. ఆ పిల్ల ఇప్పుడు ఇంజనీరు.

ఇందులో గెలీలియో మార్చినది ఒక్కటే: రెండు రాళ్ళ మధ్య ఒక తాడు. మిగతా లోకాన్ని ఉన్నచోటే ఉంచాడు. రాళ్ళ బరువు, భూమి, ఎదుటివాడు నమ్మే సూత్రం కూడా, ఏదీ కదపలేదు. అందుకే జవాబు ఎటు పోవాలో అటే పోయింది. అయితే దీని హద్దు కూడా చెప్పుకోవాలి. పాతమాట నిలవదని ఇది చూపింది గాని, రాయి మొదటి క్షణంలో ఎంత, రెండవ క్షణంలో ఎంత పడుతుందో చెప్పలేదు. అందుకోసం ఆయన వాలుబల్ల మీద గుండ్లు దొర్లించి, చెంబులో పడిన నీళ్ళు తూచి కాలం లెక్కవేయవలసి వచ్చింది. ఊహ చేసే పని వేరు, చెయ్యి చేసే పని వేరు. ఇక 1971 ఆగష్టు 2న, అపోలో 15లో వెళ్ళిన డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తి, ఒక చేత్తో డేగ ఈక పట్టుకుని వదిలాడు. గాలి లేని చోట రెండూ ఒక్కసారే నేలను తాకాయి. ఆ టెలివిజన్ బొమ్మను నేను ఏటా చూపేవాణ్ణి, కాని కొబ్బరికాయ పాఠం అయిన తరువాతనే.

‘ఊహా ప్రయోగం’ అన్న పేరు తరువాతది. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఎర్‌స్టెడ్ 1811 ప్రాంతంలో ఇటువంటి మాట వాడాడు. 1897లో ఎర్న్‌స్ట్ మాక్ జర్మను భాషలో దీనిమీద ఒక వ్యాసమే వ్రాశాడు. పేరు ఆలస్యంగా వచ్చింది కాని పని పాతదే. మన తెలుగునేల వారు దీనికి దూరంగా ఏమీ లేరు. కృష్ణాతీరంలో నాగార్జునకొండకు పేరు తెచ్చిన ఆచార్య నాగార్జునుడు ఎదుటివాడి మాటనే ఒప్పుకున్నట్టు పట్టుకుని, దాన్ని చివరిదాకా లాగి, అది ఎలా నిలవదో చూపేవాడు. ఆయన ‘విగ్రహవ్యావర్తని’ అనే చిన్న గ్రంథంలో ప్రతివాది ఒక గట్టి ప్రశ్న వేస్తాడు: లోకంలో దేనికీ తనదైన స్వభావం లేదంటున్నావు, మరి నీ మాటకూ లేదు కదా, స్వభావం లేని మాట ఇంకొకదాన్ని ఎలా ఖండిస్తుంది? దానికి నాగార్జునుడు, మాయవలన పుట్టిన ఒక మనిషి, మాయవలన పుట్టిన ఇంకొక మనిషిని అడ్డగించాడనుకో అంటాడు. ఇద్దరూ మాయే. అయినా అడ్డగించడం జరిగింది కదా. ఆ జవాబు సరిపోతుందా లేదా అని పండితులు ఈనాటికీ వాదించుకుంటారు. నా వంటివాడు అందులో తల దూర్చడం మంచిది కాదు. ఈ గ్రంథపు సంస్కృత ప్రతి టిబెట్టులోని ఒక మఠంలో రాహుల్ సాంకృత్యాయన్‌కు 1936లో దొరికింది. ఎక్కడి మాట, ఎక్కడ దాగి ఉండి, ఎన్ని వందల ఏళ్ళకు బయటపడిందో చూడండి. సముద్రం దాటినవాళ్ళమే దూరం వెళ్ళినవాళ్ళం అనుకుంటాము గాని.

ఇప్పుడు మనం ఉంటున్న ఈ అమెరికాకు వద్దాం. ఐన్‌స్టీన్ పదహారేళ్ళ వయస్సులో, కాంతి కిరణం వెంట అదే వేగంతో పరుగెత్తితే అది ఎలా కనబడుతుందని తనను తాను ప్రశ్నించుకున్నాడని ఆయనే చెప్పుకున్నాడు. ఆ కథ అందరికీ తెలిసినదే. నాకు ఎక్కువ ఇష్టమైనది ఆయన ఓడిపోయిన ప్రయోగం. హిట్లరు వచ్చాక యూరోపు వదిలి 1933లో ఆయన న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్ చేరాడు. ఆయన కూడా ఓడ దిగినవాడే. 1935 మే నెలలో పొడోల్‌స్కీ, రోజెన్ అనే ఇద్దరితో కలిసి ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు.

దాని సారం నాకు చేతనైనట్టు చెబుతాను. ఒక చెప్పుల జతను రెండు పెట్టెల్లో పెట్టి, ఒకటి ఫిజీలోని సువాకు, ఒకటి ఇక్కడి శాక్రమెంటోకు పంపారనుకోండి. నేను శాక్రమెంటోలో పెట్టె తెరిచి ఎడమ చెప్పు చూస్తే, సువాలో ఉన్నది కుడి చెప్పని ఆ క్షణమే తెలుస్తుంది. ఇందులో వింత లేదు, అది మొదటినుండీ కుడి చెప్పే. కాని క్వాంటం శాస్త్రం జంటగా పుట్టిన రెండు కణాల గురించి అలా చెప్పదు. పెట్టె తెరిచేదాకా అది ఎడమా కాదు కుడీ కాదు అంటుంది. ఐన్‌స్టీన్‌కు ఇది మింగుడుపడలేదు. రెండవ పెట్టెను ముట్టుకోకుండానే అందులో ఉన్నది నాకు తెలిసిందంటే, అది ముందునుండీ ఉన్నట్టే కదా, మీ శాస్త్రం దాన్ని చెప్పలేకపోతే మీ శాస్త్రం అసంపూర్ణం అన్నాడు. నీల్స్ బోర్ అదే సంవత్సరం జవాబు వ్రాశాడు. చాలామంది ఆ వాదనను తత్త్వవేత్తలకు వదిలేసి ఎవరి పని వారు చూసుకున్నారు. ఐన్‌స్టీన్ 1955లో పోయాడు.

1964లో జాన్ బెల్ అనే ఐర్లండు శాస్త్రజ్ఞుడు దీన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఆ కణాలు నిజంగా చెప్పుల వంటివే అయితే, రెండు చోట్లా వేరువేరు కోణాల్లో కొలిచినప్పుడు, కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండడానికి ఒక హద్దు ఉంటుందని, ఆ హద్దు దాటరాదని లెక్క కట్టి చూపాడు. అంటే ఇన్నాళ్ళూ తలలో మాత్రమే ఉన్నదాన్ని బల్లమీద పెట్టి కొలవవచ్చు. మేముండే చోటికి గంటన్నర దూరంలో ఉన్న బెర్క్లీ విశ్వవిద్యాలయంలో జాన్ క్లౌజర్, స్టూవర్ట్ ఫ్రీడ్‌మన్ కాల్షియం పరమాణువుల నుండి జంటగా వెలువడే కాంతికణాలను కొలిచి 1972లో ఫలితం ప్రకటించారు. హద్దు దాటింది. అవి చెప్పులు కావు. తరువాత ఫ్రాన్సులో అలాఁ ఆస్పే, ఆస్ట్రియాలో ఆంటోన్ జైలింగర్ ఇంకా పకడ్బందీగా చేశారు. క్లౌజర్‌తో పాటు ఈ ఇద్దరికీ 2022లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చారు.

ఐన్‌స్టీన్ ఆశించిన జవాబు రాలేదు. కాని ఆయన ప్రశ్న లేకపోతే బెల్ లేడు, బెల్ లేకపోతే బెర్క్లీ ప్రయోగం లేదు. మంచి ఊహా ప్రయోగం తనను కన్నవాడికే ఎదురు తిరగగలదు. ఎదురు తిరగడానికి చోటులేనిది ప్రయోగం కాదు, ఉపన్యాసం. కారులో మనుమడికి నేను చెప్పలేకపోయినదానిలో సగం ఇక్కడ ఉంది.

ఈ రోజుల్లో పిల్లలకు బాగా తెలిసినది బ్రేకులు తెగిన బండి కథ. అయిదుగురిని తొక్కబోతున్న బండిని, ఒక్కడే ఉన్న పట్టాల మీదికి మళ్ళించాలా అన్నది. 1967లో ఫిలిప్పా ఫుట్ మొదలుపెట్టగా, ఈ దేశంలో జూడిత్ జార్విస్ థామ్సన్ దానికి పేరు పెట్టి పెంచింది. వారు దాన్ని చాలా శ్రద్ధగా వాడారు. పిల్లలు మాత్రం ఆటగా తీసుకుని బండి క్రింద ఎవరెవరినో పడేస్తున్నారు. నాకు అది అంతగా నచ్చదు.

బెర్క్లీలోనే పుట్టిన ఇంకొకటి ఉంది. అది నా సొంత చరిత్ర వంటిది.

దానికి ముందు 1950లో ఇంగ్లండులో అలన్ ట్యూరింగ్ ఒక ఆట ఊహించాడు. తెర వెనుక ఉన్నది మనిషో యంత్రమో తెలియకుండా కాగితాల మీద ప్రశ్నలు వేస్తూ పో. అయిదు నిముషాలలో నీవు తేల్చుకోలేకపోతే, యంత్రానికి ఆలోచన లేదని ఏ ముఖంతో అంటావు? యాభై ఏళ్ళలో యంత్రాలు ఆ స్థితికి వస్తాయని ఆయన అంచనా. ఆయన పేర ఇచ్చే ట్యూరింగ్ బహుమానం 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నది మన రాజ్ రెడ్డిగారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, స్టాన్‌ఫర్డులో 1966లో డాక్టరేటు పొంది, పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్‌లో యంత్రాలకు మనిషి మాట వినడం నేర్పడానికి ఏళ్ళ తరబడి పనిచేసినవారు. ఆయన మార్గం ఊహ కాదు, కట్టి చూపడం. ఇది కూడా గుర్తుంచుకోవాలి.

1980లో బెర్క్లీ ఆచార్యుడు జాన్ సెర్ల్ దీనికి అడ్డుకట్టగా ఒక గది ఊహించాడు. చైనా భాషలో ఒక్క ముక్క రాని మనిషిని ఒక గదిలో కూర్చోబెట్టు. ఇంగ్లీషులో వ్రాసిన నియమాల పుస్తకం ఒకటి ఇవ్వు. తలుపు సందులోంచి చైనా అక్షరాలున్న చీటీలు వస్తాయి. ఈ ఆకారం వస్తే ఆ ఆకారం వ్రాసి పంపు అని పుస్తకం చెబుతుంది. పంపుతాడు. బయట ఉన్నవారు, లోపల ఉన్నవాడికి చైనా భాష చక్కగా వచ్చుననుకుంటారు. అతనికి వచ్చినది మాత్రం శూన్యం. యంత్రం చేసేదీ అంతేనన్నాడు సెర్ల్. ఆ వ్యాసంతో పాటే రెండు డజన్లకు పైగా పండితుల జవాబులు అచ్చయ్యాయి. వాదన ఇంకా తెగలేదు. ఈనాడు అడిగినదానికల్లా జవాబిచ్చే యంత్రాలు మన పిల్లల చేతుల్లోకి వచ్చాక మరీ ముదిరింది.

నేను మొదటిసారి దీన్ని చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఆ గదిలో ఉన్నది నేనే. ఫిజీలో మా ఇంట్లో మాట్లాడేది హిందీ. బడిలో నేర్పినదీ హిందీ అక్షరాలే. శ్రీరామనవమికి మాత్రం మా కూలీ లైన్ల తాలూకు వృద్ధులు తెలుగు భజన పెట్టేవారు. ఒక నోటుబుక్కులో ఆ పాటలను హిందీ లిపిలో వ్రాసుకుని పాడేవాణ్ణి. ఎక్కడ గొంతు ఎత్తాలో, ఎక్కడ తాళం ఆపాలో అంతా నాకు తెలుసు. పెద్దలు తల నిమిరి, ‘ఎంత చక్కటి తెలుగురా’ అనేవారు. ఒక్క మాటకు అర్థం తెలియదు. మా నాయనమ్మ ఒక పాట దగ్గర ఎప్పుడూ ఏడ్చేది. అందుకని ఆ పాట దగ్గర గొంతు తగ్గించేవాణ్ణి. అదీ నియమమే.

యాభై దాటాక సాయంత్రపు తరగతిలో అక్షరాలు వచ్చిన తరువాత, ఆ పాత నోటుబుక్కు తీసి మాటలను తెలుగులో వ్రాయడానికి కూర్చున్నాను. నాయనమ్మ ఏడ్చే పాటలో ఒక చోట ఎంతకూ కుదరలేదు. చివరకు తెలిసింది, నలభై ఏళ్ళుగా ఒక మాట తోకను తరువాతి మాట తలకు అతికించి పాడుతున్నానని. విడదీస్తే అందులో ఉన్నది ‘గట్టు’ అన్న మాట. నన్ను గట్టు చేర్చమని దేవుణ్ణి అడిగే పాట అది. సముద్రం దాటివచ్చినదాని చేత ఆ పాట పాడించి, ఎందుకు ఏడుస్తుందో తెలియకుండా ప్రక్కన తాళం వేశాను. ఆ రాత్రి ఇక వ్రాయలేదు.

కాబట్టి సెర్ల్ చెప్పినదానిలో నాకు సందేహం లేదు: నియమం ఒకటే ఉంటే అర్థం రాదు. కాని ఆయన ప్రయోగంలో ఒక లోటు నాకు కనబడుతుంది. ఆ గదిలోని మనిషికి నాయనమ్మ లేదు. ఎవరి కన్నీళ్ళూ అతను చూడలేదు. యంత్రానికి కళ్ళూ కాళ్ళూ ఇచ్చి లోకంలో తిప్పితే అని కొందరు ఆయనను అడిగారు. అవి కూడా ఇంకొన్ని చీటీలే అని ఆయన జవాబు. యంత్రం మాటకు అది సరేనేమో, నాకు తెలియదు. మనిషి సంగతిలో మాత్రం, అర్థం లేకుండా నలభై ఏళ్ళు మోసిన చీటీలు ఒకరోజు తెరుచుకున్నాయి. మోయకపోతే తెరవడానికి ఏమీ ఉండేది కాదు. ప్రయోగం కోసం సెర్ల్ అన్నిటినీ కదలకుండా నిలిపాడు, కాలాన్ని కూడా. దాని బలం అదే, లోపమూ అదే.

ఈ మాట ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ క్రిందట ఒకచోట పిల్లల పద్యపఠన పోటీకి నియమాలు వ్రాసే సభలో కూర్చున్నాను. ఏ సంస్థ అన్నది ఇక్కడ అవసరం లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లలది చిలకపలుకు, వాళ్ళను వేరే కూర్చోబెట్టాలి, బహుమతులు వాళ్ళకు అనవసరం అని ఒకాయన అన్నారు. చుట్టూ తలలు ఊగాయి. మా వంటి సంతతి కుటుంబాలవాళ్ళం ముగ్గురమే ఉన్నాము. కోపంతో లేవబోయి ఆగిపోయాను. నాకు జాన్ రాల్స్ గుర్తుకు వచ్చాడు.

హార్వర్డు ఆచార్యుడు రాల్స్ 1971లో న్యాయం గురించి పెద్ద గ్రంథం వ్రాశాడు. అందులో ఒక తెర ఊహించమంటాడు. సమాజానికి నియమాలు వ్రాయడానికి కూర్చున్నవారికి తాము ఎవరో తెలియదు: ధనికుడో పేదో, ఏ ఇంట పుట్టారో, ఏ శక్తులున్నాయో. ఆ తెర వెనుక కూర్చుని వ్రాసిన నియమమే న్యాయమైనది అంటాడు. మద్రాసు రేవులో మా తాత బొటనవ్రేలి ముద్ర వేసిన కాగితాన్ని ఆ తెర వెనుక నుండి చదివి చూడండి. అయిదేళ్ళ కట్టుబాటు. రోజు పని పూర్తయితే మగవాడికి ఒక షిల్లింగు, ఆడదానికి తొమ్మిది పెన్నీలు. పని మానితే శిక్ష. తాను చక్కెర కంపెనీ వాటాదారో, కూలీలను పోగుచేసే అర్కాటియో, చంటిబిడ్డతో చెరకు నరికే తల్లియో తెలియనివాడు ఆ కాగితం వ్రాస్తాడా? 1879 నుండి 1916 వరకు అరవై వేలమందికి పైగా అటువంటి కాగితాల మీద ఫిజీకి వెళ్ళారు. మద్రాసు నుండి ఓడలు 1903లో మొదలయ్యాయి. చివరకు 1920 జనవరి 1న ఆ కట్టుబాట్లు రద్దయ్యాయి.

ఆ సభలో నేను ఇంతా చెప్పలేదు. ‘అయ్యా, మీ మనుమరాలు ఏ ఇంట్లో పుడుతుందో మీకు ఇంకా తెలియదనుకుందాం. తెలుగు మాట్లాడే ఇంట్లోనా, మాట్లాడని ఇంట్లోనా అన్నది తెలియదు. ఇప్పుడు నియమం వ్రాయండి’ అన్నాను. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక పెద్దమనిషి మాత్రం, ‘అనుకుందాం అంటే ఎలాగండీ, ఉన్నది ఉన్నట్టు చూడాలి, ఇంట్లో మాట లేనిచోట భాష నిలవదు’ అన్నారు. ఆయన మాట పూర్తిగా కొట్టిపారవేయలేను. మా లైన్లలో అదే జరిగింది. చివరకు అందరూ ఒకే పోటీలో ఉండాలని, పద్యం చెప్పాక దాని భావాన్ని ప్రతి పిల్ల తనకు వచ్చిన ఏ భాషలోనైనా చెప్పాలని నిర్ణయించారు. ఆ సంవత్సరం భావం తడుముకున్నవారిలో తెలుగు మాట్లాడే ఇళ్ళ పిల్లలూ ఉన్నారు.

ఇక మనుమడి ప్రశ్న. ‘తాత ఓడ ఎక్కకపోతే నేను ఎక్కడ ఉండేవాణ్ణి?’ డెరెక్ పార్ఫిట్ అనే ఇంగ్లీషు తత్త్వవేత్త 1984లో ఒక పుస్తకంలో చూపినది ఇది: మన తల్లిదండ్రులు కలిసిన సమయం కొంచెం మారినా, పుట్టేది వేరే మనిషి, మనం కాదు. మా తాత ఓడ ఎక్కకపోతే మా నాయనమ్మను చూడడు. ఆమె ఇంకొక జిల్లా నుండి ఇంకొక ఓడలో వచ్చింది. మా నాన్న లేడు, నేను లేను, వాడూ లేడు. ప్రశ్నలో ఒక్కటే మార్చినట్టు కనబడుతుంది గాని, మార్చిన వెంటనే అడిగేవాడే మాయమవుతాడు. కట్టడానికి తాడు ఉంది, రాళ్ళు లేవు. పెళ్ళిభోజనాల దగ్గర మనం నిట్టూర్చేదీ, గర్వపడేదీ ఆ లేని రాళ్ళ గురించే.

ఇదంతా వాడికి వరండాలో కూర్చోబెట్టి చెప్పాను. వాడి ముఖం చిన్నబోయింది. ‘అయితే నా ప్రశ్న తప్పా?’ అన్నాడు. తప్పు కాదు, కొంచెం జరుపుదాం అన్నాను. గిర్మిట్ చట్టంలో ఒక సంగతి ఉండేది. పదేళ్ళు ఆ దీవుల్లో గడిపినవారికి స్వదేశానికి తిరుగు ప్రయాణం ఉచితం. మా తాతకు ఆ హక్కు 1918లో వచ్చింది. ‘మన కథ అంతా ప్రక్కన పెట్టు. ఆ రోజున ఆయనకు తెలిసినది ఏదో అదే నీకు తెలుసు అనుకో, అంతకు మించి తెలియదు. తిరుగు ఓడ ఎక్కుతావా, ఎక్కవా?’

వాడు లోపలికి వెళ్ళి కాగితం తెచ్చి మధ్యలో గీత గీశాడు. ఒక వైపు ‘తెలుసు’, ఒక వైపు ‘తెలియదు’ అని తెలుగులోనే వ్రాశాడు, ‘లు’ కొంచెం వంకరగా. తెలుసు వైపు: చెరకు పని, షిల్లింగు, ఇక్కడి మనుషులు, ఓడలో వాంతులు. తెలియదు వైపు: నాన్న పుడతాడని, అమెరికా, నేను. తరువాత కలం నోట్లో పెట్టుకుని, ‘ఆజా, ఊళ్ళో అమ్మ బ్రతికి ఉందా లేదా అన్నది ఏ వైపు వ్రాయాలి?’ అని అడిగాడు.